ఏదుపంది ముందుకు తిరిగిన రోజు

అనగనగా ఒక అడవి ఉండేది. అడవంటే అలాంటిలాంటి అడవి కాదర్రా! సూర్యుడు లోపలికి రావాలంటే ఆకుల్ని బతిమాలుకోవాలి. అంతటి అడవిని ఒక ఏడాది ఎండ పట్టుకుంది. ఎంత ఎండంటే, బండరాళ్ళకు చెమటలు పోశాయి. వాగులో చేపలు నీడ కోసం గట్టెక్కి చూసి, లాభం లేదని మళ్ళీ దిగాయి. అబద్ధమంటారా? వెళ్ళి ఆ బండరాళ్ళనే అడగండి.

ఆ ఎండలో తినడానికి మిగిలింది ఇప్పపువ్వు ఒక్కటే. వాగు గట్టున ఒక పెద్ద ఇప్పచెట్టు ఉండేది. తెల్లవారేసరికి దాని కింద పూలు టపటపా రాలేవి. అడవిలో ప్రతి నోరూ ఆ పూలతోనే బతకాలి.

కానీ చెట్టు కింద అడవిపందుల దండు తిష్ఠ వేసింది. దండుకు పెద్ద కోరలయ్య. వాడు గుర్రుమంటే పక్క అడవిలో పిడుగులు దాక్కునేవి.

"చెట్టు మాది! పువ్వు మాది! దాని వాసన కూడా మాదే! ముక్కు మూసుకుని పోండి!" అనేవాడు.

ఒక ఉదయం బుచ్చి అనే ఏదుపంది పిల్ల, దొర్లుకుంటూ వచ్చిన ఒక పువ్వును నోట పట్టుకుంది. ఒక్కటంటే ఒక్కటి! కోరలయ్య ఒక్క ఉరుకున వచ్చి, కోరతో దాని డొక్క చీరేశాడు.

బుచ్చి తల్లి పేరు సూరమ్మ. ఆమె వీపు మీద ఒక్కో ముల్లు తాటిమానంత. ఆ ముళ్ళు గలగలలాడితే మూడు కొండల అవతల ఏనుగులు నిద్ర లేచేవి. కూతురి గాయం మీద ఆకుపసరు పిండుతుంటే ఆ రోజు ముళ్ళన్నీ వాటంతటవే లేచాయి.

కుందేలు వచ్చి మెల్లగా అంది. "సూరమ్మత్తా, అంత కోపం మంచిది కాదు. నెమలి పంతులుగారు శాంతి బడి పెట్టారు. ఒకసారి రా."

సూరమ్మ వెళ్ళింది. నెమలి పంతులు పింఛం విప్పి పాఠం చెబుతున్నాడు. "దెబ్బ పడితే ఊపిరి బిగబట్టాలి. కళ్ళు దించుకోవాలి. ముళ్ళున్నవాళ్ళు ముళ్ళు ముడుచుకోవాలి."

సూరమ్మ చుట్టూ చూసింది. కాలు విరిగిన దుప్పి కనిపించింది. చెవి తెగిన కొండముచ్చు కనిపించింది. తోక ఊడిన కుందేలు పక్కనే ఉంది.

"పంతులుగారూ, ఇక్కడున్నవాళ్ళంతా తన్నులు తిన్నవాళ్ళే. తన్నినవాడు ఏ వరసలో కూర్చున్నాడు?" అని అడిగింది.

"వాళ్ళు రారమ్మా."

"పిలిచారా?"

నెమలి పింఛం కిందికి వాలింది. "పిలిస్తే నన్ను బతకనిస్తారా తల్లీ?"

"ఓహో! వాళ్ళంటే మీకు భయం. మేమంటే లేదు. అందుకని పాఠాలు మాకా? నా కూతురి డొక్క చీరితే నేను కళ్ళు దించుకోవాలా? ఇది శాంతి బడి కాదు పంతులుగారూ, తన్నులు తినడం నేర్పే బడి!"

అంత మాటా అనేసి సూరమ్మ లేచిపోయింది. మిగతావాళ్ళు మాత్రం మర్నాడు పాఠం ప్రకారమే కళ్ళు దించుకుని చెట్టు దగ్గరికి వెళ్ళారు. పందులు వాళ్ళను తొక్కుకుంటూ పోయాయి. కుందేలు మట్టిలో నుంచి లేవడానికి మధ్యాహ్నం అయింది.

ఆ మరుసటి ఉదయం సూరమ్మ ఒంటరిగా ఇప్పచెట్టు దగ్గరికి బయలుదేరింది.

పిల్లలూ, ఇక్కడ ఒక సంగతి తెలుసుకోవాలి. ఏదుపందికి ముఖం మీద ముళ్ళుండవు. ఉన్నవన్నీ వీపు మీదే. అందుకని అది కొట్టాలంటే వీపు తిప్పి, వెనక్కి పరుగెత్తాలి. ఎవరికి తగిలిందో చూసుకునే అలవాటు ఆ జాతికే లేదు.

చెట్టు దగ్గరికి చేరగానే సూరమ్మ పందుల దండుకు వీపు తిప్పి వెనక్కి దూకింది. అబ్బో, ఏం చెప్పమంటారు! పందులు కొంగల గుంపులా గాల్లోకి లేచాయి. ఒకటి వాగు అవతల పడింది. ఇంకొకటి లేచింది లేచినట్టే ఉంది, ఇప్పటికీ కిందికి రాలేదు!

"అదీ దెబ్బంటే! ఇంకొక్కటి, వదినా!" అని కొండముచ్చు కొమ్మ మీద గంతులేసింది.

అప్పుడు సన్నగా ఒక ఏడుపు వినిపించింది.

సూరమ్మ తిరిగి చూసింది. బొండు అనే పంది పిల్ల. బుచ్చి ఈడుదే. దాని మూతిలో ముల్లు దిగి ఉంది. నోట్లో సగం నమిలిన ఇప్పపువ్వు ఉంది. అచ్చం బుచ్చి ఏడ్చినట్టే ఏడుస్తోంది. కోరలయ్య మాత్రం దూరంగా నిలబడి ఉన్నాడు. వాడి ఒంటి మీద ఒక్క గీత కూడా లేదు.

బొండు తల్లి తుంగమ్మ పరుగెత్తుకొచ్చింది. "నీ చేతులు విరగ! పసివాడు నీకేం చేశాడే?"

"తర్వాత తిట్టు. ఎంతైనా తిట్టు. ముందు వాడి తల గట్టిగా పట్టుకో" అంది సూరమ్మ. తన ముల్లును తన పళ్ళతోనే పట్టి బయటికి లాగింది.

"రేపు నీ కూతురి ప్రాణం తీస్తాను, చూసుకో!" అని కోరలయ్య దూరం నుంచే అరిచాడు.

ఇంటికి వచ్చాక బుచ్చి అడిగింది. "అమ్మా, నీ కోపం పోయిందా?"

"ఎందుకు పోతుందే? వాడు చేసింది చేసిందే. కానీ ఇకమీదట కోపం వస్తే ముందుకే తిరుగుతాను. ముఖం చూసే అడుగుతాను."

సూరమ్మ తిన్నగా శాంతి బడికి వెళ్ళింది. "పంతులుగారూ, మీ పాఠాలు మారుస్తున్నా. ఊపిరి బిగబట్టొద్దు, చేసింది చెప్పి నిలదీయండి. కళ్ళు దించొద్దు. ముళ్ళు ముడవొద్దు, కానీ వీపు తిప్పొద్దు."

"వాడు కొడితేనో?" అంది కుందేలు.

"కొడతాడు. మనం జరగం. తిరిగి కొట్టం."

ఆ సాయంత్రమంతా సాధన చేశారు. కొండముచ్చు కోరలయ్య వేషం కట్టి అందర్నీ తోసింది.

"ఒరేయ్, నిజం పంది కూడా ఇంత గట్టిగా తోయదురా!" అని దుప్పి మొత్తుకుంది.

నెమలి పంతులు వెనక నుంచి ముందుకొచ్చాడు. "నేనూ వస్తానమ్మా. కాళ్ళు వణుకుతాయి, ఫరవాలేదా?"

"వణకనివ్వండి. అక్కడే నిలబడి వణకండి."

తెల్లవారింది. ఇప్పచెట్టు కింద అందరూ వరసగా నిలబడ్డారు. ముందు సూరమ్మ నిలబడింది. ముళ్ళన్నీ ఆకాశానికి నిక్కాయి. ముల్లు లేని మెత్తటి ముఖం మాత్రం కోరలయ్య వైపే ఉంది.

"నా కూతురి డొక్క చీరింది నువ్వు!" అంది.

వాడు వచ్చి గుద్దాడు. సూరమ్మ పడింది, లేచింది.

"ఒక్క పువ్వు కోసం చీరావు!"

మళ్ళీ గుద్దాడు. నుదురు చిట్లి నెత్తురు కళ్ళలోకి కారింది. వీపు తిప్పమని ఒళ్ళంతా పోరింది. ఒక్క తిప్పు తిప్పితే చాలు, వాడు జల్లెడే! సూరమ్మ కాళ్ళు నేలలోకి దిగేలా తొక్కి పట్టింది. అంతటి కోపాన్ని పట్టి ఉంచడానికి ఎంత బలం కావాలో! కొండను చిటికెన వేలి మీద ఎత్తడం దాని ముందు పిల్లలాట.

"నా ముఖం చూసి చెప్పు! ఎందుకు చీరావు?"

"నా కాలు విరిచింది నువ్వు!" అంది దుప్పి. "నా తోక!" అంది కుందేలు. ఎవరూ జరగలేదు. నెమలి గజగజా వణికాడు, కానీ అంగుళం కదల్లేదు.

కోరలయ్య మూడోసారి ఉరికాడు. మధ్యలోకి తుంగమ్మ వచ్చింది.

"ఆగు బావా! ఆమె బిడ్డను చీరింది నువ్వు. ముల్లు దిగింది నా బిడ్డకు. నీకు మాత్రం ఒక్క గీత లేదు! నీ కోరల పొగరుకు మా పిల్లలు ఎన్నాళ్ళు ఏడవాలి?"

తుంగమ్మ వెళ్ళి సూరమ్మ పక్కన నిలబడింది. ఒకటొకటిగా మిగతా పందులూ అటే నడిచాయి. కోరలయ్య వెనక్కి చూశాడు. వెనక ఎవరూ లేరు. చెట్టు వదిలి పక్కకు తప్పుకున్నాడు.

ఆ రోజు బుచ్చీ, బొండూ ఒకే చోట పూలు తిన్నారు. నెమలి పంతులు ఈసారి కోరలయ్యనూ బడికి పిలిచాడు. మర్నాటి నుంచి శాంతి బడిలో మొదటి వరస వాడిదే. మూతి ముడుచుకునే కూర్చున్నాడు. అయినా కూర్చున్నాడు.

ఎదురుగా సూరమ్మ కూర్చుంది. ముళ్ళు దించలేదు.

"చెప్పు. ఎందుకు చీరావు?" అంది.

నీతి: శాంతి పాఠం దెబ్బ తిన్నవాడి కంటే ముందు కొట్టినవాడికి చెప్పాలి. కోపం వస్తే కళ్ళు మూసుకుని కొట్టకండి, కళ్ళలోకి చూసి నిలదీయండి.