పడవ అంచు మీద చప్పుడు

అనగనగా ఒక రాజ్యం. దానికి మూడు వైపులా నేల, నాలుగో వైపు సముద్రం. ఏటికేడూ చేపలు తగ్గిపోతుంటే నూకాలు అనే జాలరి మనిషి రాజుగారి కాళ్ళ మీద పడింది. "సముద్రంలో ఆ రాళ్ళగుట్టల దగ్గర కొన్నాళ్ళు వల వెయ్యనివ్వకండి ప్రభూ. పిల్లచేప పెరుగుతుంది" అంది.

రాజు సరేనన్నాడు. "మార్పేమిటో ప్రతి పౌర్ణమికీ నువ్వే చూసి చెప్పాలి. మూడో పౌర్ణమికీ చేప కనబడకపోతే వలలు దిగుతాయి" అన్నాడు.

ఊళ్ళో పొయ్యిలు అరకొరగా వెలుగుతున్నాయి. "దీని మాట విని నోటికాడ కూడు పోగొట్టుకున్నాం" అని ఆడవాళ్ళు మెటికలు విరిచారు. పాపం, నూకాలుకి ముద్ద దిగేది కాదు.

మొదటి పౌర్ణమినాడు పొద్దున్నే బావ ఎర్రన్న పడవలో వెళ్ళింది. గుట్టలు రాగానే ఎర్రన్న అలవాటు కొద్దీ తెడ్డుతో పడవ అంచు మీద దబదబా బాదాడు. నూకాలు నీళ్ళలో తల ముంచి చూసింది. రాళ్ళు, నాచు, అంతే.

"ఏం కనబడింది?" అన్నాడు రాజు, ఆమె తిరిగి రాగానే.

"ఏమీ లేదు ప్రభూ."

రెండో పౌర్ణమికీ అదే బాదుడు, అవే రాళ్ళు. తిరిగొస్తూ ఎర్రన్న గొణిగాడు. "ఉన్నాయని చెప్పెయ్యవే నూకాలూ! నీళ్ళ అడుగున ఏముందో రాజుగారికేం తెలుస్తుంది?"

"లేనిది ఉందని ఎలా చెప్పను బావా?" అంది. చెప్పలేదు కూడా. అంత మొండిది మరి!

మూడో పౌర్ణమికి రాజే పడవెక్కాడు. వెనకాల ఊరి పడవలన్నీ వలలతో కాచుకున్నాయి. గుట్టలు రాగానే ఎర్రన్న తెడ్డెత్తాడు.

"ఆగు బావా!" నూకాలు తెడ్డు పట్టేసుకుంది. "ఈ చప్పుడు మనం ఎందుకు చేస్తాం?"

"చేప బెదిరి వలలోకి పరిగెడుతుందని. తాతల నాటి నుంచీ..." ఎర్రన్న తెడ్డు వదిలేశాడు.

"అయ్యో, నా మతి మండా!" అంది నూకాలు. "చూడ్డానికొచ్చి, వేటకొచ్చినట్టు తరుముతున్నాం. ప్రభూ, కాసేపు ఓపిక పట్టండి!"

"ఇంకా ఎంతసేపు?" అని వెనక నుంచి జనం అరిచారు.

రాజు చెయ్యెత్తాడు. "తనకే చేటని తెలిసీ రెండుసార్లూ లేదనే చెప్పింది. ఈమె ఆగమంటే ఆగుతాను."

పడవ కదలకుండా నిలిచింది. ఎవరూ దగ్గనైనా దగ్గలేదు. ఎంతకీ ఏమీ రాదే!

అంతలో రాతి సందులోంచి వేలెడంత చేప తొంగిచూసింది. దాని వెనక మరొకటి. ఆపైన గుంపులు గుంపులుగా కానాగంత చేపలు, పడవ కింద నీళ్ళే కనబడనంతగా! చప్పుడవుతుందని నూకాలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఊరి పడవలు మెల్లగా వెనక్కి మళ్ళాయి. రాజు ఊరికోసం గాదెలు తెరిపించాడు. కొన్నాళ్ళకు ఆ చేపలే గుట్టలు దాటి ఊరి వలల్లోకీ వచ్చాయి.

తనకు కీడని తెలిసినా నిజమే చెప్పేవారి మాటకు లోకం ఆగి వింటుంది.