పులిసిన పెరుగు

జిలానీ మాట తేనె. కడప ఊరి చివర ఒక చిన్న దర్గాను ఆనుకుని ఉన్న ఇంట్లో పీర్ బాబా దగ్గర శిష్యరికం చేస్తూ, వచ్చినవాళ్లను పలకరించే పని తనే మీద వేసుకున్నాడు. ఎవరి మనసూ నొప్పించకుండా మాట్లాడి పంపేవాడు. తనకు ఆ నేర్పు ఉందని అతనికీ తెలుసు. కాస్త ఎక్కువే తెలుసు.

అతని ప్రాణానికి మాదర్షా ఒక్కడే తలనొప్పి. పీర్ బాబాతో పాటే ముసలివాడైన పాత శిష్యుడు. చింత చచ్చినా పులుపు చావదన్నట్టు, నడుం వంగినా ఆయన నోరు మాత్రం వంగలేదు. బిడ్డకు జ్వరమని తాయెత్తు కోసం వచ్చినవాడితో "ముందు డాక్టరుకు చూపించు పోప్పా" అంటాడు. పెళ్లాం మాట వినడం లేదని మొరపెట్టుకున్నవాడిని "నువ్వు ఆయమ్మ మాట ఎప్పుడన్నా విన్యావా?" అని అడుగుతాడు. వాళ్లు మొహం ముడుచుకుని పోతారు. జిలానీ వెనకాలే పరిగెత్తి సర్దిచెప్పుకోవాలి.

ఒక బుధవారం అతనికి ఓపిక నశించింది. నేరుగా పీర్ బాబా దగ్గరకు పోయి కూర్చున్నాడు.

"బాబా, మాదర్షా చాచాను ఎక్కడికన్నా పంపించెయ్యండి. ఆయన ఉంటే ఈ గడప ఎవరూ తొక్కరు."

"యాడికి పోతాడు?" అన్నాడు పీర్ బాబా.

నిజానికి మాదర్షాకు నా అన్నవాళ్లు ఎవరూ లేరు. "ఇంకో దర్గాలో పెట్టుకుంటార్లే బాబా, నేను మాట్లాడతా." ఆ మాట కూడా జిలానీ తియ్యగానే అన్నాడు.

"రేపు చెప్తా. గురువారం కదా, వచ్చేవాళ్లకు రవ్వ కేకు చెయ్యి. నీకు ఎట్ల బాగుంటాదనిపిస్తే అట్లే చెయ్యి."

పొద్దున్నే జిలానీ వంటింట్లో పెరుగు కుండ మూత తీశాడు. పుల్లటి వాసన గుప్పుమంది. వచ్చేవాళ్లకు ఇదా పెట్టేది అని మొహం చిట్లించుకుని పెరట్లో పారబోసి, చిక్కటి పాలతో రవ్వ కలిపాడు. చక్కెర చేతికొచ్చినంత వేశాడు. బాగా పొంగాలని వంటసోడా కూడా ఒక చెంచా ఎక్కువే వేశాడు. ఇసుక పోసి వేడెక్కించిన దబరలో గిన్నె దించి మూత పెట్టాడు.

మూత తీసేసరికి కేకు గిన్నె అడుగున అట్టులా కూర్చుని ఉంది. తుంచి నోట్లో పెట్టుకుంటే సబ్బు నాకినట్టుంది. జిలానీకి ఏడుపొక్కటే తక్కువ.

మాదర్షా గుమ్మంలోంచి తొంగిచూశాడు. "పెరట్లో గోడ కూలింది, దానికి పనికొస్తాది," అని వెళ్లిపోయాడు.

"సోడా పాడైపోయింది బాబా," అన్నాడు జిలానీ, వచ్చిన గురువుతో.

పీర్ బాబా రెండు సాసర్లు తీసుకున్నాడు. రెంటిలోనూ చిటికెడు సోడా వేశాడు. ఒకదాంట్లో పాలు పోశాడు. పాలు పాలలాగే ఉన్నాయి.

"పెరుగేదీ?"

"పులిసిపోతే పారబోసినా బాబా."

"పక్కింట్లో అడిగి తీసుకురా. బాగా పులిసిందే అడుగు."

పులిసిన పెరుగు కోసం ఇల్లు దాటి వచ్చినవాడిని పక్కింటామె ఎగాదిగా చూసి, నవ్వుతూ గిన్నెలో పోసింది. జిలానీ తెచ్చిన పెరుగును పీర్ బాబా రెండో సాసర్లో ఒక చెంచా వేశాడు. బుసబుసమంటూ నురగ లేచి సాసరు అంచుదాకా పొంగింది. ఆయన దాన్ని జిలానీ చేతిలో పెట్టాడు.

"మాదర్షా సంగతి అడిగితివి కదా. ఇప్పుడు చెప్పు, యాడికి పంపిద్దాం?"

 జిలానీ సాసర్లో నురగ అణిగిపోయేదాకా చూశాడు. తర్వాత మళ్లీ రవ్వ కొలిచి, మిగిలిన పెరుగు పోసి కలిపాడు.

ఈసారి కేకు దబర మూతను తాకేలా పొంగింది. వచ్చినవాళ్లు అప్పటికే వసారాలో కూర్చుని ఉన్నారు. జిలానీ మొదటి ముక్క కోసి, వాళ్లను దాటుకుని, అరుగు మీదున్న మాదర్షా దగ్గరకు పట్టుకుపోయాడు.

"తిని చెప్పు చాచా. ఉన్నదున్నట్టు చెప్పు."

మాదర్షా అనుమానంగా చూసి, కొరికి, నిదానంగా నమిలాడు.

"చక్కెర ఎక్కువైంది."

"అవును చాచా," అన్నాడు జిలానీ, ఆయన పక్కన కూర్చుంటూ.