నూకరత్నం చిరునామా

భద్రయ్య మాస్టారికి ఓ అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కారు. అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతూ, అడిగినవాళ్ళ పాదాలకేసి కాసేపు చూసి, ఏదో ఒక పని చెప్పేవారు. ఆ పని చెయ్యగా చెయ్యగా ఎప్పటికో జవాబు దొరికేది. ఒకాయనకి పదకొండేళ్ళకి దొరికింది. అప్పటికి ప్రశ్న మరిచిపోయాడు.

నర్సీపట్నం హైస్కూల్లో ముప్ఫయ్యేళ్ళు డ్రిల్లు చేయించి, రిటైరయ్యాక ధూపంకొండ కింద ఇల్లు వేసుకున్నారాయన. ఆయన ఈల వేస్తే ఏడు కొండల అవతల మేకలు మేత మాని తలెత్తేవి. ఎనిమిదో కొండ మీది మేకలూ తలెత్తేవే గాని, మధ్యలో ఎదురుగాలి. ఒకసారి కొండదారిలో చిరుతపులి అడ్డం వస్తే, "వరసలో నడు" అని గదమాయించారట. అది తోక దించుకుని ఆయన ఎడమపక్కన వరసలో నడిచి, మలుపు దగ్గర సెలవు పుచ్చుకుందట. ఈ సంగతి చెప్పేవాళ్ళందరూ కళ్ళారా చూసినవాళ్ళే. అంతటి మనిషి ఏడాదికి ఒక్కసారి, మాఘమాసంలో, నలుగురిని వెంటబెట్టుకుని ధూపంకొండ ఎక్కేవారు. ఆ రోజుల్లో తెల్లవారేసరికి లోయలన్నీ మబ్బుతో నిండి, పైన నిలబడ్డవాళ్ళకి కొండ కొసలు తప్ప భూమన్నది కనబడదు. అది చూసి దిగినవాళ్ళు మూడు రోజుల దాకా అన్నం అడగరని ప్రతీతి. పిలుపు పోస్టుకార్డు మీద వచ్చేది: తిథి, వేళ, సంతకం, అంతే. కార్డు వచ్చినవాళ్ళు రానివాళ్ళతో ఆ ఊసెత్తకూడదు. విస్తరి వెయ్యనివాడికి కూర రుచి చెప్పడం మర్యాద కాదనేవారు మాస్టారు.

నూకరత్నానికి వరసగా మూడేళ్ళు కార్డు వచ్చింది. మూడేళ్ళూ ఆమె వెళ్ళలేదు.

ఆమెది నర్సీపట్నం బస్టాండు పక్కన మందుల షాపు. నలభై ఆరేళ్ళ మనిషి. ఎనిమిదో తరగతిలో ఉండగా, "ఇది కొండ ఎక్కే పిల్ల" అని మాస్టారి నోట అనిపించుకుంది. ఇంకే ఆడపిల్లనీ ఆయన అంతమాట అనలేదు. ఆ మాటని ఆమె అప్పట్నించీ పట్టుచీరలా మడతపెట్టి దాచుకుంది. షాపు గుమ్మంలోంచి ధూపంకొండ కనబడుతుంది. దానికేసి చూస్తూ, దగ్గుమందు అడిగినవాళ్ళకి జ్వరంబిళ్ళలు చేతిలో పెట్టిన రోజులున్నాయి. చిక్కల్లా పాదాలతోనే. జానెడు పొడవు, కాస్త తక్కువ జానెడు వెడల్పు. విశాఖపట్నంలో షాపులన్నీ గాలించింది. కొండ బూట్లన్నీ మగవాళ్ళ సైజులు. ఆమె కాలికి పట్టేవి పిల్లలవి, అడుగేస్తే మడమ దగ్గర ఎర్రదీపం వెలిగేవి.

అమెరికాలో ఒక కంపెనీ ఆడవాళ్ళ వెడల్పు పాదాలకే బూట్లు కుడుతుందని నెట్‌లో కనిపెట్టింది. వాళ్ళు మన దేశానికి పంపరు. దానికీ ఓ దారుంది. అక్కడే ఒక పార్సిల్ సర్వీసువాళ్ళు గోడౌన్‌లో మన పేర ఒక అర, దానికో నంబరు, ఆ ఊరి చిరునామా ఇస్తారు. కొన్నవన్నీ అక్కడికి చేరతాయి. చేరిన ప్రతిదాన్నీ ఫోటో తీసి ఫోన్‌లో చూపిస్తారు. మనం 'పంపండి' అని నొక్కితే అన్నీ ఒకే పెట్టెలో సర్ది ఇంటికి పంపుతారు. విడివిడిగా తెప్పించుకుంటే ఖర్చు, కస్టమ్స్ గొడవ. కలిపి తెప్పించుకుంటే సుఖం. ఆ సుఖమే ఆమె కొంప ముంచింది. బూట్లు చేరాయి. వీపుసంచీ కూడా రానీ, కలిపి పంపమందాం అనుకుంది. సంచీ చేరింది. చలికోటు కోసం ఆగింది. కోటు చేరేసరికి దానికన్నా తేలికైన కోటు వచ్చిందన్నారు. పెళ్ళివారి బస్సులో చివరి మనిషి కోసం అందరూ ఎక్కి కూర్చున్నట్టు, ఆ సామానంతా సముద్రాల అవతల ఒకదాని కోసం ఒకటి కూర్చుంది. గడువు దాటితే అద్దె కట్టేది. రోజూ షాపు తెరిచి, దేవుడి పటానికి దండం పెట్టి, ఆ వెంటనే ఫోన్‌లో తన అర చూసుకునేది. ఎన్నడూ చూడని ఆ ఊళ్ళో తన పేరున జానెడు చోటు ఉందంటే, ఆమెకి ఒళ్ళు తేలికయ్యేది. మాస్టారి కార్డుకి మాత్రం ఏటా ఒకటే జవాబు రాసేది: "సామాను అక్కడుంది మాస్టారూ. వచ్చే ఏడు తప్పకుండా వస్తాను."

దసరా వెళ్ళిన ఆదివారం శిష్యులందరూ అరుగు చుట్టూ చేరారు. మాస్టారు మోకాలు నిమురుకుంటూ, "ఈ మాఘంతో సరి. మోకాళ్ళు ఈల ఊదేశాయి," అన్నారు. నూకరత్నమే అడిగింది.

"మాస్టారూ, మనిషి తయారయినట్టు ఎలా తెలుస్తుంది?"

"ముందు ఆవిడ బూట్లకి వీసా రానివ్వండి," అన్నాడు సన్యాసిరావు. రిటైరైన కండక్టరు, ధూపంకొండ ఆరుసార్లు ఎక్కినవాడు. ఆరుసార్లూ రబ్బరు చెప్పులతో, అందులో ఒకసారి ఒంటి చెప్పుతో.

మాస్టారు నవ్వలేదు. ఆమె పాదాలకేసి చూశారు. "నీ సామాను ఉండే చోటుందే, ఆ చిరునామా రాసియ్యమ్మా," అన్నారు. ఆమె అర నంబరు, వీధి, ఊరు, రాష్ట్రం, పిన్‌కోడు తడుముకోకుండా రాసిచ్చింది. "సొంత రేషన్ కార్డు నంబరు ఇలా చెప్పమను చూద్దాం," అని గొణిగాడు సన్యాసిరావు. మాస్టారు ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. జవాబు అంతే.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని కొండనే చూస్తూ వచ్చింది నూకరత్నం. బూట్లు ఎప్పటికైనా వస్తాయి. ఆ మోకాళ్ళు రావు. ఈ ఒక్క ముక్క తట్టడానికి మూడేళ్ళు పట్టింది. మర్నాడే బజారుకెళ్ళి, బడిపిల్లలు వేసుకునే తెల్ల కాన్వాసు బూట్లు కొంది. కాస్త బిగుతుగా ఉన్నా పట్టాయి. ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే ఊరి బయట చెక్‌పోస్టు దాకా నడిచి వచ్చేది. మొదటి వారం బొబ్బలు లేచాయి. రెండో నెలకి, ఆమె నడుస్తుంటే ఇటుకల ట్రాక్టర్లు పక్కకి తప్పుకునేవి. ఫోన్‌లో అర తెరవడం మానేసింది. ఇప్పుడు ఆమె చూపంతా పోస్టుమాన్ వరహాలు సైకిలు మీదే.

"ఏవైనా ఉందా వరహాలూ?"

"కరెంటు బిల్లు ఉందమ్మా."

కార్తీకం వెళ్ళింది, మార్గశిరం వెళ్ళింది. పుష్యమాసంలో ఒకరోజు సన్యాసిరావు షాపుకొచ్చి నాలుగు గ్లూకోజు ప్యాకెట్లు, మోకాలికి చుట్టుకునే పట్టీ అడిగాడు. ఎప్పుడూ ఏదో ఒక మాట విసిరేవాడు, ఆవేళ తలెత్తలేదు. ఆమెకి అర్థమైంది. కార్డు ఎప్పుడొచ్చిందని అడగలేదు. ప్యాకెట్లు కవర్లో వేసి, "చలి ఎక్కువగా ఉంటుంది, మఫ్లరు పట్టుకెళ్ళండి బాబాయ్," అని మాత్రం అంది. ఆయన వెళ్ళాక చాలాసేపు గుమ్మంలోనే నిలబడిపోయింది. మూడేళ్ళు కార్డు చేతిలో పెట్టుకుని సామాను కోసం చూసిన మనిషి, ఇప్పుడు కాళ్ళు సిద్ధం చేసుకుని కార్డు కోసం చూస్తోంది. కొండ అదే. కానీ ముందెన్నడూ అది అంత దగ్గరగా కనబడలేదు.

మాఘం వచ్చింది. ఏకాదశి సాయంత్రం ఫోన్‌కి పార్సిల్ సర్వీసు నుంచి, గడువు ముగుస్తోందని గుర్తుచేస్తూ మెసేజి వచ్చింది. మనసొప్పకపోయినా అర తెరిచింది. బూట్లు, సంచీ, కోటు, వాటి కింద కొత్త ఫోటో ఒకటి. ఒక పోస్టుకార్డు. రాతకి సందు లేనంతగా స్టాంపులు. ఉన్న కాస్త చోటులో మాస్టారి గుండ్రటి దస్తూరీ: "మాఘ శుద్ధ దశమి, తెల్లవారుజాము అయిదు గంటలు, ధూపంకొండ కింద. రావాలి. — భద్రయ్య." అది అక్కడికి చేరి పంతొమ్మిది రోజులైంది. దశమి నిన్న వెళ్ళిపోయింది.

ద్వాదశి నాడు మొదటి బస్సుకే వెళ్ళింది. మాస్టారు అరుగు మీద కూర్చుని, వావిలాకు వేసి కాచిన వేణ్ణీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని ఉన్నారు. చిరుతపులిని వరసలో నడిపించిన మనిషికి, ఆ బకెట్లోంచి కాలు తీసి మళ్ళీ పెట్టడానికి అరుగు పట్టుకోవలసి వచ్చింది. ఆమె ఫోన్‌లో ఫోటో ఆయన ముందు పెట్టింది.

"ఇంటికి రాస్తే వచ్చేదాన్ని కదా మాస్టారూ."

"ఇంటికి మూడేళ్ళు రాశానమ్మా. ఉత్తరం అందుకున్నావిడ అక్కడ లేదని, సామాను దగ్గరుందని మూడుసార్లూ జవాబొచ్చింది."

ఆమె కళ్ళు తుడుచుకుందామని వంగింది. అప్పుడు ఆయన చూపు ఆమె పాదాల మీద పడింది. కాన్వాసు బూట్ల అడుగులు బయటివైపు కాగితంలా అరిగి, చిటికెన వేలి దగ్గర చిరిగి ఉన్నాయి.

"ఇవెప్పటివి?"

"దసరా తరవాతవి. రోజూ చెక్‌పోస్టు దాకా నడిచాను. కార్డు వస్తుందని."

మాస్టారు వేపపుల్ల నోట్లోంచి తీసి పక్కన పెట్టారు. ఆయనని నలభై ఏళ్ళుగా ఎరిగినవాళ్ళెవరూ ఆయన తల దించుకోవడం అంతకు ముందు చూడలేదు.

"అయితే నేను రాసింది పాత చిరునామా అన్నమాట," అన్నారు మెల్లగా.

కొండ మీద మబ్బు ఇంకా విడలేదు. పొద్దు అప్పుడప్పుడే దాని అంచు పట్టుకుంటోంది. నూకరత్నం బూట్ల తాళ్ళు విప్పి, గట్టిగా బిగించి, మళ్ళీ ముడి వేసింది. మాస్టారు గోడకి ఆనించి ఉన్న తన వెదురుకర్ర అందుకుని ఆమె చేతిలో పెట్టారు. ఆమె దారి మొదట్లోకి వెళ్ళి, ఆయన వస్తారేమోనన్నట్టు ఒక్కసారి ఆగింది. ఆయన కాళ్ళు వేణ్ణీళ్ళలోనే ఉన్నాయి, చూపు మాత్రం పైన మబ్బులో ఉంది.

"మూడో మలుపులో రాయి కదులుతుంది," అన్నారాయన. "ఎడమ కాలు ముందెయ్యి."