చుక్కలు మిగిలిన వైద్యం

ఒంగోలులో శేషఫణి అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. పనిలో దిట్టే గాని, తన పనిని ఎవరైనా ప్రశ్నిస్తే సహించలేకపోయేవాడు.

కంప్యూటర్‌లో చిన్న చిన్న పనులు చేసిపెట్టే ఉచిత పనిముట్లను ఒక బృందం కలిసి తయారు చేస్తుండేది. నల్ల తెర మీద పనిముట్టు పేరు టైపు చేస్తే చాలు, పని జరిగిపోయేది. అవి ఎవరి సొంతమూ కాదు. కొత్త పనిముట్టు తెచ్చినవాడు దాన్ని అందరి ముందూ పెట్టాలి. అడిగినవాటికి జవాబు చెప్పాలి. ఆ తరువాతే అది అందరూ వాడుకునే ఉమ్మడి పెట్టెలో చేరుతుంది. ఇది వాళ్ళ పద్ధతి.

పాతకాలం ఫాంట్లలో టైపు చేసిన తెలుగు కొత్త కంప్యూటర్లలో పిచ్చి గీతల్లా కనబడుతుంది. దాన్ని చదవగలిగే అక్షరాలుగా మార్చే పనిముట్టును శేషఫణి ఆరు నెలలు కష్టపడి రాశాడు. తాను టైపు చేసుకున్న నాలుగు పేజీల మీద నడిపి చూసుకుని, బృందానికి పంపాడు.

బృందాన్ని నడిపే విశాలాక్షి గారు విజయనగరం నుంచి జవాబు రాశారు. "మంచి పని చేశారు. రెండు సందేహాలు. మార్చినదాన్ని మళ్ళీ వెనక్కి మార్చి, అసలుతో పోల్చి చూశారా? మీ పనిముట్టు పాత ఫైలు మీదే కొత్తది రాస్తోంది. అసలును అలాగే ఉంచితే మంచిది కదా?"

శేషఫణికి ముఖం ఎర్రబడింది. "ఇరవై ఏళ్ళుగా ఇదే పనిలో ఉన్నాను. నాకు పరీక్షలు పెట్టక్కర్లేదు" అని రెండు పేజీల ఉత్తరం రాసి, తన పనిముట్టును వెనక్కి తీసుకున్నాడు.

బృందంలోనే ఉన్న జోసెఫ్ ఫోన్ చేశాడు. "ఫణిగారూ, ఆవిడ అడిగింది రెండు నిమిషాల పని. మీ ఉత్తరానికి రెండు గంటలు పట్టి ఉంటుంది."

"నువ్వూ ఆవిడ జట్టేనా?" అని శేషఫణి ఫోన్ పెట్టేశాడు.

ఆ వారమే నాగరత్నం అతని ఇంటికి వచ్చింది. ఆమె తండ్రి మస్తానయ్య పొదిలి దగ్గర పేరున్న పశువుల వైద్యుడు. ఏ రోగానికి ఏ మూలిక, ఎన్ని తులాలు, ఎన్ని గింజలు అన్నీ ఒకప్పుడు దగ్గర కూర్చుని, అప్పటి పాత ఫాంటులో టైపు చేయించాడు. అంకెలు కూడా తెలుగులోనే ఉండాలని పట్టుబట్టాడు. తరువాత ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట పోయింది, జ్ఞాపకమూ పోయింది.

"నాన్న చేతిరాత పుస్తకం చెదలు తినేసింది అన్నా. కంప్యూటర్ పాడైపోయింది. ఈ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదే మిగిలింది, తెరిస్తే అన్నీ పిచ్చి గీతలే" అంది నాగరత్నం.

"ఒక్క నిమిషం" అన్నాడు శేషఫణి.

"పాతది అలాగే ఉంటుంది కదా?"

"చదవలేని దాంతో ఇంకేం పని, అమ్మా?" అంటూ అతను మీట నొక్కాడు.

తెర నిండా చక్కటి తెలుగు వచ్చింది. నాగరత్నం కళ్ళు తుడుచుకుని చదవసాగింది. "ఎద్దుకు కడుపుబ్బరం. వాము... తులాలు. నల్ల ఉమ్మెత్త గింజలు..." ఆగింది. "అన్నా, అంకెలేవి?"

అంకె ఉండాల్సిన ప్రతిచోటా ఒక చుక్క ఉంది. శేషఫణి తన పేజీల్లో తెలుగు అంకెలు ఎప్పుడూ టైపు చేయలేదు. అతని పనిముట్టు పది అంకెలనూ ఒకే చుక్కగా మార్చింది. అసలు ఫైలు మీదే రాసేసింది.

విశాలాక్షి గారు చెప్పిన పరీక్ష అతను అప్పుడు చేశాడు. ఇరవై సెకన్లలో తప్పు బయటపడింది. ఆమెకే ఫోన్ చేశాడు.

"వెనక్కి తేవడానికి దారి ఏమైనా ఉందా అండీ?"

ఆవిడ జరిగిందంతా విన్నారు. "ఆ చుక్క రెండో, తొమ్మిదో ఎవరు చెప్పగలరు ఫణిగారూ?"

శేషఫణి తప్పు సరిదిద్దాడు. అడిగినవాటికన్నిటికీ జవాబులు రాశాడు. పనిముట్టు పెట్టెలో చేరింది. అందరి ఫైళ్ళూ బాగుపడ్డాయి, ఆ ఒక్కటి తప్ప.

అతను పొదిలి దగ్గరి నాగరత్నం ఇంటికి వెళ్ళాడు. కొట్టంలో ఒక ఎద్దు పొట్ట ఉబ్బి, పడి రొప్పుతోంది. దాన్ని తోలుకొచ్చిన రైతు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. ఉమ్మెత్త గింజలు తక్కువైతే మందు పని చేయదు, ఎక్కువైతే ఎద్దు చస్తుంది. నాగరత్నం గింజలు దోసిట్లో పోసుకుని తండ్రి మంచం పక్కన కూర్చుంది.

"నాన్నా, ఎన్ని?"

మస్తానయ్య గింజల వైపు చూశాడు. మూడు వేళ్ళు తెరిచాడు. తరువాత నాలుగోది తెరిచాడు. తరువాత అన్నీ ముడిచేసి, కూతురి ముఖంలోకి చూస్తూ ఉండిపోయాడు.

నాగరత్నం గింజలు తిరిగి డబ్బాలో పోసేసింది. రైతు బయటికి వెళ్ళి ఎద్దు పక్కన కూర్చున్నాడు. శేషఫణి కూడా వెళ్ళి అతని పక్కన కూర్చున్నాడు.

పని చేసినవాడు ప్రశ్నకు జవాబు చెప్పాలి. చెప్పనివాడి గర్వం అతనితో పోదు, అతన్ని నమ్మినవాళ్ళను ముంచుతుంది.