మొదటి గుటక

ఆదోనిలో నేను గొంతు విప్పితే ఆలూరు దాకా పిట్టలు లేచిపోయేవి. కొన్ని ఇప్పటికీ తిరిగి రాలేదు, కావాలంటే వెళ్ళి అడగండి. ఇరవై వేల మొక్కల్ని కళ్ళు మూసుకుని వాసనతో పట్టిన సుంకన్నను నేను. నన్ను చూసి మెచ్చుకునే జనమే లేకపోయింది. ఇంటర్నెట్ వచ్చి ఆ కొరతా తీర్చింది. చిక్కు అక్కడే మొదలైంది.

మా ఉస్తాద్ హకీం నన్నే సాహెబ్. ఆయన మందుల దుకాణంలో ఒక కట్టుబాటు ఉండేది. కషాయం ఎవరికిచ్చినా, ఇచ్చినవాడు వాళ్ళ ఎదుటే మొదటి గుటక తాగాలి.

దగ్గుకి అడ్డసరం ఆకు గురించి ఒక వీడియో చేశాను. అడ్డసరం మొక్క పూత లేక మొండిగా ఉంది. పక్కనే గన్నేరు విరగబూసింది. వీడియోలో అందంగా పడతానని దాని ముందు నిలబడ్డాను. చేతిలో అడ్డసరం కొమ్మే పట్టుకుని చెప్పాను, అది నిజం. నా అభిమానులు దానికి డప్పు కలిపి అరనిమిషం పాట కట్టారు. ఆ కత్తిరింపులో కొమ్మ పోయింది. గన్నేరు మిగిలింది, నా మీసం మిగిలింది, "ఈ ఆకే మరిగించి తాగండి!" మిగిలింది. మీసం ఎంత బాగా పడిందో! ఆ పాటను నా పేజీలో నేనే పెట్టుకున్నాను.

పది లక్షల మంది చూశారని ఫోన్ తెచ్చి ఉస్తాద్‌కి చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని పాటంతా చూశారు. కింద జనం రాసినవి ఒక్కొక్కటే చదివారు. ఒకచోట వేలు ఆపారు.

"మా పాపకి దగ్గు అన్నా. మా సందు చివర ఈ చెట్టుంది. సాయంత్రం కాచి పోస్తా."

ఉస్తాద్ లేచారు. పెరట్లోకి వెళ్ళి గన్నేరాకు తెంపారు. కడిగి, నా ఎదుటే కాచి, గ్లాసులోకి వడగట్టారు.

"ఇదేంది ఉస్తాద్?"

"నా శిష్యుడి మందు. నా దుకాణంలో నేర్చుకుని చెప్పినావు కదా. మొదటి గుటక నాది."

గ్లాసు పెదవి దాకా పోయింది. మదమెక్కిన ఏనుగును దంతం పట్టి ఆపినవాణ్ణి నేను. ఆ ఎండుపుల్లలాంటి చేతిని ఆపడానికి మాత్రం రెండు చేతులూ కావలసి వచ్చాయి. కషాయం నేలపాలైంది.

"ఈ చెయ్యి పట్టుకున్నావు, మంచిది," అన్నారు. ఫోన్ నా ముందుకు జరిపారు.

పాట నాకు తప్ప ఎవరికీ కనబడకుండా చేశాను. ఊళ్ళోవాళ్ళ పేజీల్లో అది తిరుగుతూనే ఉంది. అభిమానులకి ఫోన్ చేసి, అదే డప్పు మీద 'తాగొద్దు' అని కొత్త పాట కట్టించాను. గంట తిరక్కుండా దుమ్ము లేపింది.

"లక్ష మంది చూసినారు ఉస్తాద్!"

"ఆ తల్లి చూసిందా?"

నా నోరు మూతబడింది. అంతకుముందు అది మూతబడిన దాఖలా జిల్లాలోనే లేదు.

ఆమెకి రాశాను. బదులు లేదు. ఆమె పేరు సుజన. పేజీ అంతా తిరగేశాను. ఒక ఫొటోలో పాప వెనక టైలర్ షాపు బోర్డు, దాని మీద నంబరు. వెంటనే ఫోన్ చేశాను.

"ఎవరప్పా నువ్వు?"

"అది తర్వాత చెప్తా సామీ. మీ షాపు ముందు ఫొటో దిగిన పాప, సుజన కూతురు, ఇల్లు తెలుసా? ఫోన్ పెట్టకుండా పరిగెత్తు!"

కుట్టు మిషన్ చప్పుడు ఆగింది. చెప్పుల చప్పుడు. దబదబా తలుపు. తర్వాత ఒక ఆడగొంతు. పాపకి ఆ కషాయం పోశావా అని అరిచాను.

"ఇంకా తాపలేదన్నా. చల్లారాలని పెట్టినా."

"పారబొయ్యి తల్లీ. గిన్నె కూడా పారెయ్యి. అది గన్నేరు, విషం. తప్పు నాది."

ఫోన్ దించేసరికి నా చొక్కా తడిసి ముద్దయింది. ఉస్తాద్ టీ పోశారు. మొదటి గుటక తాను తాగి, గ్లాసు నాకిచ్చారు.

"ఎంతమంది?"

లక్షలు తప్ప పలకని నాలుక నాది.

"ఒక్కరు, ఉస్తాద్."

ఆయన గుమ్మంలో పడిన ఎండ వైపు చూశారు.

"పొద్దు ఇంకా ఉంది."

టీ పక్కన పెట్టి, పాట కింద 'నేనూ తాగుతా' అని రాసిన రెండో పేరు వెతికాను.