దివాన్‌గారి పీటలు

ఒకానొక రాజుగారి కొలువులో చోటు హారతికర్పూరంలా హరించుకుపోతుండేది. పొద్దున విశాలంగా ఉన్న సభ సాయంత్రానికల్లా పీటలతో నిండిపోయి, రాజుగారే పక్కకి తిరిగి నడవాల్సి వచ్చేది. రాజాజ్ఞ మీద అన్నీ బయట వేయిస్తే ఆ పూటకి బాగుండేది, మర్నాడు మళ్ళీ మామూలే.

"ఇది వడ్రంగి వీరాచారి పని ప్రభూ! గిరాకీ కోసం దొంగచాటుగా పీటలు చేరవేస్తున్నాడు. ఊర్నించి వెళ్ళగొట్టండి" అన్నాడు దివాన్ పేరయ్య.

కబురందుకుని వచ్చిన వీరాచారి నెమ్మదిగా దణ్ణం పెట్టాడు. "అలాగే వెళతాను ప్రభూ. ఒక్కరోజు దివాన్‌గారు తమ నౌకరుతో సహా మా అరుగు మీద కొలువు తీరితే చాలు."

పేరయ్య ఉబ్బిపోయి మర్నాడే వచ్చాడు. వెనకాలే ఉండే నౌకరు వీరాచారి కొట్టంలోంచి పీట తెచ్చి వేశాడు. దివాన్ మజ్జిగకని లేచి వచ్చాడు, కొత్త పీట పడింది. తాంబూలం ఉమ్మి వచ్చాడు, ఇంకో పీట. లేచిన పీట మీద ఆయన మళ్ళీ కూర్చోడు, దాన్ని మరొకరు ముట్టకూడదు. అది దివాన్‌గారి మర్యాద.

సాయంత్రం రాజుగారు వచ్చేసరికి అరుగు నిండిపోయి, దివాన్ మెట్టు మీద ఒంటికాలిపై నిలబడి ఉన్నాడు. సభలో మాత్రం ఆ రోజు ఒక్క పీటా పెరగలేదు.

"వెయ్యడానికి మనిషున్నాడు, తియ్యడానికే లేడు ప్రభూ" అన్నాడు వీరాచారి.

రాజుగారు పకపకా నవ్వారు. "మరి దివాన్‌గారి మర్యాద మాటేమిటోయ్?"

"దానికేం లోటు ప్రభూ! ఆయన పీట ఇంకెవరూ ముట్టకూడదు కదా, ఆయన్నే తియ్యమనండి."

ఆ తర్వాత దివాన్‌గారు కూర్చున్న పీట మీంచి కదిలితే ఒట్టు!