ఈరక్క మరిచిన సున్న

ఊఁ కొట్టేవాళ్లుంటే చెబుతాను, వినండి. మా అవ్వ చెప్పిన మాట ఇది.

అనగనగా, సేర్లూ వీశెలూ పోయి కిలోలూ గ్రాములూ కొత్తగా సంతకొచ్చిన కాలం. రాళ్లగుట్టల కింద ఒక పల్లె. ఆ పల్లెలో ఈరక్క అని ఒకామె ఉండేది. గొర్రెలకు మందు పోసేది. కాలు కుంటినా ఈరక్కే, కడుపు ఉబ్బినా ఈరక్కే, పురుగులు పడినా ఈరక్కే. కూలి అడిగేది కాదు. గుప్పెడు జొన్నలు పెడితే కొంగున కట్టుకునేది.

ఒక ఏడు వానలయ్యాక చెన్నమ్మ గొర్రెల కడుపులో పురుగులు పడ్డాయి. చెన్నమ్మ మొగుడు పోయిన మనిషి. ఆమెకున్నదల్లా పది గొర్రెలు. పశువుల డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు: మైలుతుత్తం అనే నీలం మందు, గొర్రెకు ఐదువందల మిల్లీగ్రాములు, నీళ్లలో కలిపి పోయాలి.

ఈరక్క దగ్గరున్న త్రాసు గ్రాములది. "పది గొర్రెలకు ఐదువేల మిల్లీగ్రాములు. వెయ్యి మిల్లీగ్రాములు ఒక గ్రాము" అనుకుంది. బొగ్గుతో గోడ మీద ఐదువేలు వేసింది. సున్నలు కొట్టేయసాగింది. ఒకటి కొట్టేసింది, రెండు కొట్టేసింది, మూడోది మరిచింది. ఐదు గ్రాములు కావలసింది యాభై అయింది.

నీలం కుప్ప చూసి చెన్నమ్మ అడిగింది. "అంత మందా అక్కా?"

"నా లెక్క ఎప్పుడన్నా తప్పిందా?" అంది ఈరక్క.

పొద్దున మందు పోసింది. మధ్యాహ్నానికి గొర్రెలు నురగ కక్కాయి. పొద్దు వాలేసరికి ఏడు గొర్రెలు చచ్చిపోయాయి.

ఊరు గుమిగూడింది. "మేతలో విషం ఉంది" అన్నారు. ముందురోజు మంద మేసింది అదే ఊరి రైతు ఉరుకుందప్ప చేలో. "నువ్వే ఏదో చల్లావు" అని అతని మీద పడ్డారు.

"నా బిడ్డల మీద ఒట్టు, నాకేం తెలీదు" అన్నాడు ఉరుకుందప్ప. ఎవరూ వినలేదు.

ఈరక్క ఇంటికొచ్చి గోడ చూసింది. మిగిలిపోయిన సున్న కనబడింది. గొర్రెలను చంపింది తన మందేనని తెలిసిపోయింది.

మొదటి రోజు ఉరుకుందప్ప ఇంటికి ఎవరూ నిప్పు ఇవ్వలేదు. ఈరక్క నోరు విప్పలేదు. రెండో రోజు బావి దగ్గర అతని పెండ్లాం కడవను పక్కకు నెట్టారు. ఈరక్క నోరు విప్పలేదు. మూడో రోజు చెన్నమ్మ గిన్నెడు జొన్నలు తెచ్చింది.

"చేతనైనంత చేశావక్కా. నీ కష్టం ఉంచుకోకూడదు" అని ఈరక్క కొంగులో పోసింది.

ఈరక్క ఆ గింజలను తిరిగి గిన్నెలో పోసేసింది. చెన్నమ్మను వెంటబెట్టుకుని ఉరుకుందప్ప వాకిటికి పోయింది. ఊరంతా చూస్తుంటే తలొంచుకు నిలబడింది.

"విషం నీ చేలో లేదు నాయనా. నా లెక్కలో ఉంది. మూడు సున్నలు తియ్యాల్సిన చోట రెండే తీశాను. అది తెలిసి కూడా మూడు రోజులు నిన్ను దోషిని చేసి, నేను మంచిదానిలా తిరిగాను."

 "లెక్క ఎవరికైనా తప్పుతుందమ్మా. ఈ మూడు రోజులూ నా బిడ్డలు వాకిట్లోకి రాలేదు" అన్నాడు ఉరుకుందప్ప. అంతే. తిట్టలేదు. తిట్టినా బాగుండేది అనుకుంది ఈరక్క.

తనకున్న రెండు మేకలూ, కాళ్ల కడియాలూ చెన్నమ్మకిచ్చింది. సిగ్గు మాత్రం తీరలేదు. బతికినన్నాళ్లూ తల దించుకునే నడిచింది. మందు తూయాల్సొస్తే ముగ్గురిని పిలిచేది. "నన్ను నమ్మొద్దు, మీరు చూడండి. మిల్లీగ్రామా, గ్రామా, కిలోనా? ఉత్త అంకె చెప్పొద్దు, పేరు కూడా చెప్పండి" అనేది. మిల్లీగ్రాము నుంచి గ్రాముకు మూడు సున్నలు, గ్రాము నుంచి కిలోకు మూడు సున్నలు అని వేళ్లు మడిచి చూపేది.

ఆమె పోయినరోజు ముందుగా పాడె ఎత్తుకున్నది ఉరుకుందప్పే.

ఇప్పటికీ ఆ గుట్టల కింద గొర్రెల మందు తూచేవాళ్లు మూడు వేళ్లు మడిచి, "ఒకటి ఈరక్కా, రెండు ఈరక్కా, మూడు ఈరక్కా" అంటారు. ఎవరన్నా తప్పు చేసి నీళ్లు నములుతుంటే పెద్దవాళ్లు అనేది ఒకటే మాట.

"ఈరక్క మూడు రోజులు దాచి పడిన బాధ చాలు. నువ్వు ఇప్పుడే చెప్పెయ్."